రెండంగుళాల నవారు
(మా సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము చాలా సంకోచించాము. కవిత్వం మీదనో, పురాణం మీదనో ప్రసంగించగల పండితులము కాము. మెట్రిక్ పరీక్ష ప్యాసై, రైల్వే గూడ్సు ఆఫీసులో రసీదులూ లెక్కలూ వ్రాసుకొనే గుమాస్తాలము. అయితే లెక్కలు వ్రాసేవాడికి కూడా ఒక్కొక్కప్పుడు చెప్పుకోవలసిన మాట ఒకటి మిగిలిపోతుంది. అట్టి మాట ఒకటి రెండేళ్ళుగా మా మనస్సులో ఉన్నది. అది డెలివరీ బండ్లు నడిపే మన పిల్లల గురించి, ఆ బండ్లలో ఉండే సీటు బెల్టు గురించి.

పండుగనాడు ప్రమాదాల ముచ్చట ఏమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చు. ఈ రోజున మన కుటుంబాలన్నీ ఒకచోట కూడుతాయి. తల్లులు, తండ్రులు, బండి నడిపే కుర్రవాళ్ళు, పార్సిళ్ళు తెప్పించుకొనే ఇల్లాండ్రు, అందరూ ఇక్కడే ఉన్నారు. ఈ మాట అందరూ కలిసి వినవలసినది గనుక పండుగనాడే చెప్పుతున్నాము.

మన పెద్దలు ఈ షోలాపూరుకు మగ్గం నమ్ముకొని వచ్చారు. చేనేత మగ్గం పోయి పవర్లూము వచ్చింది. దుప్పట్లు, తువాళ్ళు నేసి పిల్లలను పెంచారు. ఇప్పటి పిల్లలు అందరూ మగ్గం దగ్గర నిలబడరు. కొందరు చదువుకొని పూనాకో హైదరాబాదుకో పోయారు. పోలేనివారిలో చాలామంది చక్రం పట్టుకున్నారు. మా వీధిలోనే నలుగురు కుర్రవాళ్ళు పార్సిళ్ళు పంచుతున్నారు. ఇద్దరికి మోటారు సైకిళ్ళు, ఇద్దరికి మనం ఛోటా హాథీ అని పిలిచే చిన్న సరుకుల బండ్లు. తండ్రి మగ్గం చప్పుడులో బ్రతికితే కొడుకు హారను చప్పుడులో బ్రతుకుతున్నాడు. పని మారింది, కష్టం మారలేదు.

ఆ నలుగురిలో ఒకడి సంగతి చెప్పుతాము. అతడు ఈ సభలోనే ఉన్నాడు. చెప్పడానికి అనుమతి ఇచ్చాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

రెండేళ్ళ క్రితం సంక్రాంతి దాటిన వారం. మా ఇంటికి మిక్సీ జారు ఒకటి రావలసియున్నది. పాతది పగిలింది. మరునాడు ఇంటికి చుట్టాలు వస్తున్నారు. సాయంకాలం ఆరున్నరకు మేము ఆ కుర్రవాడికి ఫోను చేశాము. "వస్తున్న కాకా, ఇంక పదకొండు పార్సిళ్ళున్నయ్" అన్నాడు. ఏడు గంటలకు మళ్ళీ చేశాము. కాస్త గట్టిగానే అడిగాము. "ఎక్కడున్నవ్ రా? ఇంక ఎంతసేపు?" అన్నాము. "రెండు నిమిషాలు కాకా, దగ్గరికొచ్చిన" అన్నాడు.

ఆ రెండు నిమిషాలు రాలేదు. చెరకు ఆడే కాలం అది. మన జిల్లా రోడ్ల మీద ఆ నెలల్లో చెరకు ట్రాక్టర్లు ఎట్లా నడుస్తాయో మీకు తెలుసు. ట్రాక్టరు వెనుక రెండు ట్రాలీలు. చివరి ట్రాలీకి ఎర్ర దీపం లేదు, మెరిసే రేకు లేదు. చీకట్లో ఆగియున్న ఆ ట్రాలీని మనవాడి బండి వెనుకనుంచి కొట్టింది. ఇంటికి ఒకటిన్నర కిలోమీటరు దూరం. తాను నలభై వేగంలో ఉన్నానని చెప్పుతాడు. రొమ్ము స్టీరింగుకు తగిలి నాలుగు ప్రక్కటెముకలు విరిగాయి. కుడి మోకాలి చిప్ప పగిలింది. తుంటి ఎముక జారింది.

బండికి సీటు బెల్టు ఉన్నది. కాని దానిని సీటు వెనుక ముడి వేసి, పైన కొత్త సీటు కవరు తొడిగారు. బండి కొన్న వారంలోనే జరిగిన పని అది.

తొమ్మిది నెలలు ఆ ఇంట్లో సంపాదన లేదు. పార్సిళ్ళవారు "అతడు మా నౌకరు కాదు, కాంట్రాక్టరు మనిషి" అన్నారు. కాంట్రాక్టరు మొదటి వారం వచ్చి ఆపిళ్ళు ఇచ్చి వెళ్ళాడు, మళ్ళీ కనపడలేదు. తల్లి గాజులు తాకట్టుకు పోయాయి. అరవైకి దగ్గర పడిన తండ్రి రెండు పాళీలు మగ్గం మీద నిలబడ్డాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూపిస్తూ, "బెల్టు ఉంటే ఈ రొమ్ము దెబ్బ తగలదు, బహుశా వారంలో లేచి తిరిగేవాడు" అన్నారు.

మా ఫోనులో చూచుకున్నాము. మా రెండవ పిలుపుకూ, ప్రమాదం జరిగిందని మాకు వచ్చిన పిలుపుకూ మధ్య తొమ్మిది నిమిషాలు. "మీ ఫోను వల్ల కాదు కాకా, నేను బెల్టు ఎన్నడూ పెట్టుకోలేదు" అని అతడు మాకు చాలాసార్లు చెప్పాడు. అది మమ్మల్ని ఊరడించడానికి అన్న మాటో, నిజమో మాకు తెలియదు. రెండూ కావచ్చు. ఆ జారు నాలుగు రోజుల తరువాత వేరొకరు తెచ్చి ఇచ్చారు. అది ఇప్పటికీ అట్ట పెట్టెలోనే ఉన్నది.

అప్పటినుంచి మేము బండి నడిపే ప్రతి కుర్రవాడినీ అడుగుతున్నాము, బెల్టు ఎందుకు పెట్టుకోవు నాయనా అని. మాకు వచ్చిన జవాబులు నాలుగు. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా విచారిద్దాము.

మొదటి జవాబు: "ఊళ్ళోనే గదా, మెల్లగా పోతాము."

మెల్లగా అంటే ఎంత? నలభై అనుకుందాము. గంటకు నలభై కిలోమీటర్లంటే సెకనుకు పదకొండు మీటర్లు, అనగా ముప్పైయారు అడుగులు. బడిలో నేర్చుకున్న లెక్కే ఇది. ఆ వేగంతో పోయే మనిషి ఒక్కసారిగా దేనికైనా తగిలితే, ఇరవై అడుగుల ఎత్తునుంచి క్రింద పడినంత దెబ్బ. అనగా రెండంతస్తుల మేడ పైనుంచి. యాభై వేగమైతే ముప్పైరెండు అడుగుల ఎత్తు. అరవై అయితే నలభైయారు అడుగుల ఎత్తు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దెబ్బ రెండుంపావు రెట్లు పెరుగుతుందన్నమాట. మేడ మీద పిట్టగోడ లేకపోతే మన పిల్లలను పైకి పోనివ్వము. బండిలో బెల్టే పిట్టగోడ.

బండి ఆగినా మనిషి ఆగడు. ఇది నేతపనివారికి వేరే చెప్పనక్కరలేదు. పవర్లూములో నాడె, మనవారు షటిల్ అంటారు, ఎప్పుడైనా దారి తప్పి ఎగిరిందా? మగ్గం ఉన్నచోటే ఉంటుంది. నాడె మాత్రం ఎదుటివాడి ముఖం మీదికి వస్తుంది. అందుకే మగ్గానికి అడ్డుకడ్డీ పెడతారు. బండిలో మనిషే నాడె.

రెండవ జవాబు: "రోజుకు డెబ్బైసార్లు దిగి ఎక్కాలి. ప్రతిసారీ పెట్టి తీస్తూ కూర్చుంటే పని సాగదు."

ఇందులో న్యాయం ఉన్నది. మనం బజారుకు పోయి వచ్చేవాళ్ళము. ఒకసారి పెట్టుకొని ఒకసారి తీస్తాము. అతడికి అది డెబ్బైసార్లు. కాని మేము లెక్క వ్రాసేవాళ్ళము గనుక గడియారం పట్టుకొని చూచాము. బెల్టు పెట్టడానికి నాలుగు సెకన్లు, తీయడానికి రెండు. డెబ్బైసార్లకు నాలుగువందల ఇరవై సెకన్లు. అనగా ఏడు నిమిషాలు. రోజు మొత్తం మీద ఏడు నిమిషాలు! ఒక చాయ త్రాగి ముచ్చటాడేంత సేపు. మా కుర్రవాడు మంచం మీద గడిపిన తొమ్మిది నెలల ముందు ఈ ఏడు నిమిషాలను పెట్టి చూడండి.

మూడవ జవాబు: "బండికి మంట అంటుకుంటేనో, నీళ్ళలో పడితేనో బెల్టులో చిక్కుకుపోతాము."

ప్రమాదాలలో మంట వచ్చేవి, నీళ్ళలో పడేవి చాలా కొద్ది. వచ్చినా, స్పృహ ఉన్నవాడు ఎర్ర మీట ఒకటి నొక్కి బయటపడతాడు. స్పృహ నిలవాలంటే తల అద్దానికి కొట్టుకోకూడదు గదా. తలకు దెబ్బ తగిలి పడినవాడు బెల్టు లేకపోయినా తలుపు తీసుకొని రాలేడు.

నాలుగవ జవాబు: "నేను జాగ్రత్తగానే నడుపుతాను."

నిజమే. మా కుర్రవాడూ జాగ్రత్తగానే నడిపాడు. తప్పు దీపం లేని ట్రాలీది. దెబ్బ మాత్రం మనవాడికి. మన జాగ్రత్త మన చేతిలో ఉన్నది, ఎదుటివాడి జాగ్రత్త మన చేతిలో లేదు. ఎదుటివాడి తప్పుకు మన ప్రాణం జరిమానా కట్టకుండా చూచేదే బెల్టు.

ఇంతకూ ఈ బెల్టు అంటే ఏమిటి? నేతవారి సభలో ఈ మాట చెప్పడం మాకు సంతోషం. అది ఒక నవారు. రెండంగుళాల వెడల్పున, పాలియెస్టరు నూలుతో, పడుగు దట్టించి నేసిన నవారు. మన తాతలు మంచానికి అల్లిన నవారుకు అది చుట్టమే. టన్నుకు పైగా లాగుడుకు తాళితేనే దానిని బండిలో వాడనిస్తారు. తాళడమే కాదు, దెబ్బ తగిలినప్పుడు నవారు మంచం వలె కాస్త సాగుతుంది. అట్లా సాగినందువలన దెబ్బ ఒక్కసారిగా పడక కొంచెం కొంచెంగా పడుతుంది. అందులోనూ రొమ్ము ఎముకల మీద, తుంటి ఎముకల మీద, అనగా శరీరంలో గట్టిగా ఉన్నచోట్ల పంచుకొని పడుతుంది. ఒకసారి గట్టి ప్రమాదంలో సాగిన బెల్టును మళ్ళీ వాడకూడదు. మార్పించుకోవలెను.

భుజం మీదినుంచి, నడుము మీదినుంచి మూడుచోట్ల పట్టే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీలో పనిచేసిన నిల్స్ బోలిన్ అనే స్వీడను దేశపు ఇంజనీరు రూపొందించాడు. అంతకు ముందు ఆయన యుద్ధ విమానాలనుంచి పైలటును బయటికి ఎగురవేసే సీట్ల పనిలో ఉండేవాడు. ఆ కంపెనీ తన పేటెంటును దాచుకోక, తక్కిన కార్ల కంపెనీలవారు కూడా వాడుకొనేటట్లు వదిలివేసింది. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ముందు సీటులో కూర్చున్నవారికి ప్రాణాపాయం బెల్టు వలన దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలోనే బండి నడిపేవాడు, ముందు సీటులోనివాడు, ముందువైపు చూచే వెనుక సీట్లలోనివారు బెల్టు పెట్టుకోవలెనని ఉన్నది. 2019లో సవరించిన చట్టంలో దీనికి జరిమానా వెయ్యి రూపాయలు. కాని జరిమానా మాట మేము ఎక్కువ చెప్పము. జరిమానాకు భయపడి పెట్టుకొనేవాడు పోలీసు కనపడగానే భుజం మీదికి లాగి, చౌకు దాటగానే వదిలివేస్తాడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా శాఖవారి నివేదిక. అందులో బెల్టు పెట్టుకోనందువలన పోయినవారు 16,715. నడిపేవారు 8,384, ప్రక్కన వెనుక కూర్చున్నవారు 8,331. ఏడాది రోజులతో భాగిస్తే రోజుకు నలభైయారుగురు. హెల్మెట్ లేక పోయినవారు 50,029, అనగా రోజుకు నూట ముప్పైయేడుగురు. ఈ అంకెలలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఇల్లు. అదే సంవత్సరం సెప్టెంబరు 4న మన మహారాష్ట్రలోనే, పాల్ఘర్ దగ్గర, గొప్ప పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీగారు ఖరీదైన కారులో వెనుక సీటున కూర్చొని మరణించారు. వెనుక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. డబ్బుతో కొన్న బండి ఎంత గట్టిదైనా, నవారు కట్టుకొనే పని మాత్రం మనదే.

ఇప్పటి కార్లలో బెల్టు పెట్టకపోతే బీప్ బీప్ అని గోల చేసే యంత్రం ఉంటుంది. ఆ గోల వినలేక, బెల్టుకు బదులు ఖాళీ నాలుక ఒకటి దూర్చి దాని నోరు మూయించే క్లిప్పులు బజారులోకి వచ్చాయి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు అయిదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు ఆజ్ఞ ఇచ్చి అట్టి క్లిప్పుల ప్రకటనలను తీయించారు. తీసివేసినవి 13,118. ఎవరి ఇంట్లోనైనా అది ఉంటే ఈ రాత్రే పారవేయవలసిందని మా మనవి. ఎయిర్ బ్యాగు ఉన్న బండి కదా అని బెల్టు మానకూడదు. ఆ సంచి బెల్టు కట్టుకున్నవాడి కోసమే అమర్చినది. కట్టుకోక ముందుకు తూలినవాడికి అదే ఎదురుదెబ్బ అవుతుంది.

ఇక మా రైల్వే సంగతి ఒక్కటి. మా నియమావళి చాలా లావైన పుస్తకం. కొత్తగా చేరినవారు దానిని చూచి విసుక్కుంటారు. పాతవారు "ఈ పుస్తకం సిరాతో వ్రాసినది కాదురా, రక్తంతో వ్రాసినది" అంటారు. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా అనే ఊరి దగ్గర, బ్రేకు సరిగా లేని రైలు డబ్బాలు వెనుకకు జారి, వచ్చే రైలును కొట్టాయి. ఎనభై మంది పోయారు. వారిలో విహారానికి బయలుదేరిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ ఏడే బ్రిటను పార్లమెంటు, ప్రయాణికుల రైళ్ళకు తనంత తానే పట్టే బ్రేకు ఉండవలెననీ, ఒక సెక్షనులో ఒకే రైలు ఉండవలెననీ చట్టం చేసింది. ఎవరో పోయిన తరువాత గాని నియమం పుట్టలేదు. పుట్టిన నియమాన్ని పాటించకపోతే వారు పోయినది వృథా.

మా గూడ్సు రైలు కదిలే ముందు బ్రేకులు సరిగా ఉన్నవని కాగితం కావలెను. ఆ కాగితం లేనిదే రైలు నడవదు. ఇంజనులో లోకో పైలటు, అతడి సహాయకుడు ఎదుటి సిగ్నలును చూచి పైకి పలుకుతారు. ఒకరు అంటే రెండవవారు తిరిగి అంటారు. ఇద్దరికీ కండ్లు ఉన్నవి గదా, పలకడం ఎందుకు? నోటితో అన్నది మనస్సు జారవిడవదు. కన్ను చూచి కూడా మరచిపోవచ్చు. ఈ అలవాటును మన డెలివరీ పిల్లలు ఉచితంగా తీసుకోవచ్చు. ఎక్కగానే సహాయకుడు "బెల్టు?" అనవలెను, నడిపేవాడు "పెట్టిన" అనవలెను. ఒంటరిగా ఉంటే తనకు తానే అనుకోవలెను. వారం రోజులు నవ్వు వస్తుంది. తరువాత అలవాటవుతుంది.

బండి నడిపే పిల్లలకు కొన్ని మాటలు ప్రత్యేకంగా చెప్పుతాము. ఇవి మేము ఆ కుర్రవాడితో కూర్చొని వ్రాసుకున్నవి. సగం అతడివే.

బెల్టు మెలిక పడకుండా ఉండవలెను. నడుము పట్టీ పొట్ట మీద కాదు, క్రింద తుంటి ఎముకల మీద ఉండవలెను. భుజం పట్టీ మెడకు కాక, భుజం ఎముక మధ్యగా రావలెను. చంక క్రిందినుంచి తీస్తే ప్రక్కటెముకలు విరుగుతాయి. గర్భవతులు కూడా పెట్టుకోవచ్చు, పెట్టుకోవలెను. నడుము పట్టీ కడుపు క్రిందుగా ఉండవలెను. బెల్టును మెల్లగా లాగితే వస్తుంది, చటుక్కున లాగితే బిగుసుకోవలెను. ఇంటికి పోయి ఇవాళే లాగి చూడండి. బిగుసుకోకపోతే మేస్త్రీకి చూపించండి.

పార్సిళ్ళను ప్రక్క సీటు మీద, అద్దం ముందర పేర్చకూడదు. నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర ఉంచకూడదు. అది దొర్లి బ్రేకు క్రింద చేరితే కాలు ఎంత తొక్కినా బండి ఆగదు. దిగే ముందు అద్దంలో వెనుకకు చూడవలెను. ఒక్కసారిగా తలుపు తెరిస్తే వెనుక వచ్చే సైకిలువాడు దానికి తగులుతాడు. రెండు నిమిషాల పనికైనా హ్యాండు బ్రేకు వేయవలెను. మన గల్లీలలో బండి వెనుకకు తీసేటప్పుడు దిగి ఒకసారి చూచి తీయవలెను. చంటిపిల్లలు అద్దంలో కనపడరు.

ఫోను చేతిలోకి తీసుకోకూడదు. అరవై వేగంలో ఒక్క సెకను ఫోను చూస్తే బండి యాభైయైదు అడుగులు గ్రుడ్డిగా పోయినట్లు. నిద్ర వస్తే ఆపి పడుకోవలెను. మోటారు రవాణా కార్మికులకు అయిదు గంటల పని తరువాత అరగంట విశ్రాంతి ఇవ్వవలెనని 1961 నాటి చట్టంలోనే వ్రాశారు. విశ్రాంతి సోమరితనం కాదని అప్పుడే తెలిసిన సంగతి.

మోటారు సైకిళ్ళవారికి బెల్టు లేదు, హెల్మెటే బెల్టు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే కొనవలెను. 2021 జూన్ 1నుంచి ఆ గుర్తు లేనివి చేయడం, అమ్మడం కూడదని ప్రభుత్వ ఆజ్ఞ. గడ్డం క్రింద పట్టీ బిగించకపోతే తల కంటె ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది.

ఇప్పుడు ఇండ్లలో ఉన్న మనందరికి. అసలు ఈ ప్రసంగం మేము తలపెట్టినది ఈ మాట కోసమే.

బండిలో బెల్టు కట్టవలసినవాడు కుర్రవాడే. కాని దానిని విప్పించే చేతులు చాలా ఉన్నవి. యజమాని చేయి ఒకటి, కాంట్రాక్టరు చేయి ఒకటి, ఫోను పట్టుకున్న మన చేయి ఒకటి. మొదటి రెండింటినీ మనం ఒక్క రోజులో మార్చలేము. మూడవది మనదే. పార్సిలు పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది? ఆనాడు మా ఇంట్లో పచ్చడి రోట్లో నూరుకున్నాము. చుట్టాలు తిని బాగున్నదన్నారు. అంతే. అంతకు మించి ఏమీ కాలేదు.

అందుచేత మూడు పనులు మనవి చేస్తున్నాము. బండి నడిచే వేళ డెలివరీ పిల్లవాడికి ఫోను చేయవద్దు; ఇల్లు దొరకకపోతే అతడే ఆపి చేస్తాడు. ఆలస్యంగా వచ్చినవాడిని గుమ్మంలో కసరవద్దు, మంచినీళ్ళు ఇవ్వండి. ప్రొద్దున పనికి పోయే కొడుకుతో తల్లి "డబ్బా పెట్టుకున్నవా బిడ్డా?" అని అడుగుతుంది. దానితోపాటు "బెల్టు పెట్టుకో బిడ్డా" అని ఒక మాట కలపండి. పోలీసు మాట చౌకు దాటితే మరచిపోతాడు. తల్లి మాట ఊరు దాటినా వెంట వస్తుంది.

ఎంత జాగ్రత్త పడినా ఆపద రావచ్చు. అప్పటికి ఉపయోగపడే సంగతులు కూడా తెలుసుకుందాము. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి ఇరవై రూపాయలు కడితే, ప్రమాద మరణానికి రెండు లక్షల బీమా ఉన్నది. పద్ధెనిమిది నుంచి డెబ్బై ఏండ్లవారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. మా కుర్రవాడి ఇంట్లో ఎవరూ చేరలేదు. మా ఇంట్లోనూ అప్పటికి చేరలేదు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవారికి నిర్ణీత ఆస్పత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా చికిత్స పొందే అవకాశం ఉన్నది. 112 నంబరుకు గాని, మన రాష్ట్రంలో అంబులెన్సుకు 108కి గాని ఫోను చేయవలెను. దెబ్బ తగిలినవాడిని ఆస్పత్రికి చేర్చినవారిని కేసులలో ఇరికించకుండా చట్టం రక్షిస్తున్నది. 2016లో సుప్రీంకోర్టు ఈ విషయంలో మార్గదర్శక సూత్రాలను ఖాయం చేసింది. 2019 సవరణలో అది చట్టంలోకే వచ్చింది. ఆ రాత్రి మా కుర్రవాడిని ఆస్పత్రికి చేర్చినది దారిన పోయే ఒక మరాఠీ కూరగాయల వ్యాపారి. తన బండిలో కూరగాయలు రోడ్డు ప్రక్కన దించి, వీడిని పడుకోబెట్టి తీసుకుపోయాడు. ఆయన ఋణం మన సంఘం తీర్చుకోవలెనంటే, అట్లా పడినవారిని మనమూ ఎత్తవలెను.

చివరగా ఒక సూచన. ఈ సంవత్సరం మన సంఘం ఒక ఆదివారంనాడు, మన పేటలలోని డెలివరీ బండ్లన్నింటినీ ఒకచోట పిలిపించి, ముడి వేసిన బెల్టులను విప్పించి, పాడైనవి మార్పించితే బాగుంటుంది. మేస్త్రీలు మనవారే ఉన్నారు. ఖర్చు పెద్దది కాదు. మా వంతు మేము ఇస్తాము. అధ్యక్షులవారు ఆలోచించవలెనని ప్రార్థన.

ఆ కుర్రవాడు ఇప్పుడు కాస్త కుంటుతూ నడుస్తున్నాడు. పోయిన దీపావళి తరువాత మళ్ళీ బండి ఎక్కాడు. తల్లి వద్దన్నది. వేరే దారి లేదన్నాడు. మొదటి రోజున ఆ తండ్రి వచ్చి, సీటు కవరు తానే కోసి, వెనుక ముడిపడియున్న బెల్టును బయటికి తీశాడు. నలిగిన నవారును ఒళ్ళో పెట్టుకొని, నేతగాడు గనుక, చివరిదాకా వ్రేళ్ళతో తడిమి చూచాడు. "నేత గట్టిదే" అన్నాడు. ప్రమాదంలో అది వాడలేదు గనుక సాగలేదు. తరువాత కొడుకు భుజం మీదుగా తానే వేసి బిగించాడు.

మన ఇండ్లలో ఉన్న ప్రతి బెల్టూ ఇప్పుడు అట్లాగే ఎక్కడో ముడిపడి ఉన్నదేమో చూడవలసిందని అందరినీ వేడుకుంటున్నాము.